అడుసు తొక్కనేల

హల్ ఊరి అంచున హంబర్ పోటెత్తి వెనక్కి తగ్గినప్పుడల్లా
ఒడ్డున ఎంత ఒండ్రు మిగిలిందో కొలవడం నా పని.
మూడేళ్ళు కొలిచాను.
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో ఇత్తడి గొట్టం,
డబ్బాల మీద చలికి వణికిన తేదీలు.
బురద నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.
దాన్ని ఎందులో రాయాలన్నదే
నవంబరు మొత్తాన్ని మింగేసింది.

వర్డ్‌లో మొదలుపెట్టాను, అందరిలాగే.
నలభై పేజీల దాకా బుద్ధిగా ఉంది.
నాలుగో అధ్యాయంలో ఒక్క కామా చేర్చానో లేదో
పదిహేడో బొమ్మ లేచిపోయి
పక్క పేజీ అడుగున కూర్చుంది,
పెళ్ళిపంక్తిలో అలిగిన మేనమామలా.
బతిమాలి తీసుకొస్తే
దాని కిందుండాల్సిన మాట అక్కడే ఉండిపోయింది.
సమీకరణాల సంగతి సరేసరి.
రెండోదాన్ని తీసేసినా
మూడోది మూడోదిలాగే ధీమాగా నిలబడింది.

ఎదురుబల్ల వోయ్‌చెక్ చూసి చూసి
"లేటెక్‌కు వచ్చెయ్" అన్నాడు,
కొత్తగా మతం పుచ్చుకున్నవాడి నెమ్మదితో.
వాడి తెర మీద వాక్యాలు తక్కువ.
వెనక్కి వాలిన గీతలు, మీసాల బ్రాకెట్లు,
రెండు డాలర్ల మధ్య ఇరుక్కున్న గ్రీకు అక్షరాలు.
ఒక్క మీట నొక్కి టీ కలుపుకొచ్చేసరికి
తాపీమేస్త్రి నూలు పట్టినట్టు అంచులు,
అచ్చమైన పుస్తకం.

రెండు వారాలు పట్టింది నాకు.
ఒక మీసం మూయడం మరిచిపోతే
రెండువందల పన్నెండో వరుసలో తప్పుందనేది.
తప్పు నూటతొంభైలో ఉండేది.
పదిహేడో బొమ్మ ఇక్కడా కదిలింది, అబద్ధమెందుకు,
కానీ ఈసారి దాని అంకె
దానితోపాటే వెళ్ళింది.

మొదటి పేజీలో ఒక తెలుగు ముక్క పెట్టుకున్నాను,
బురద మీద పుస్తకం కదా అని:
అడుసు తొక్కనేల, కాలు కడగనేల.
లేటెక్ ఆ చోట వరసగా ఖాళీ డబ్బాలు పేర్చింది.
అంతకుముందు వర్డ్
వత్తును ఊడబెరికి "తొక్‌కనేల" అని నత్తిగా పలికింది.
ఖతి మార్చాను, మళ్ళీ మార్చాను,
ఆ ఒక్క వత్తు కోసం ఒక ఆదివారం పోయింది.

మా గైడు ఐవర్ థ్రెల్‌ఫాల్‌కు
చూపు నడిమధ్య నుంచి అరిగిపోతోంది.
కంప్యూటరు చదువుతుంటే వింటాడు,
పాత రేడియోకి చెవి ఒగ్గినట్టు కాస్త పక్కకి వంగి.
నా అందమైన పీడీఎఫ్ పంపాను.
మర్నాడు పిలిచి అన్నాడు,
"నీ నదికి ముప్పై రెండో పేజీ నుంచీ ఒకటే నొప్పి."
వినిపించాడు.
ఫ్లో అని రాసిన ప్రతిచోటా
జంటగా అతుక్కున్న మొదటి రెండక్షరాలూ ఆ గొంతుకు కనబడవట.
మిగిలింది "ఔ".
పోటు ఔ. వరద ఔ. వేసవి ఔ.
ఎవరో నదిని గిల్లుతున్నట్టు.
సమీకరణాల దగ్గరైతే
సంతలో ధరలు అరిచినట్టు అంకెలన్నీ కలగలిసిపోయాయి.
ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపాడు.

ఆ రాత్రి వర్డ్‌కు తిరిగొచ్చాను.
వోయ్‌చెక్ ఏమీ అనలేదు,
తన టీకప్పును మాత్రం ఆ చివరకి జరుపుకున్నాడు.
ప్రతి శీర్షికకూ దాని మెట్టు చెప్పాను.
ప్రతి బొమ్మ వెనకా, చూడలేనివాళ్ళ కోసం
రెండు వాక్యాలు దాచాను.
పదిహేడు దగ్గర ఆగిపోయాను.
ఫిబ్రవరి తుఫాను తర్వాత గీత కిందికి వంగింది, అని రాసి
ఎందుకంటే, అని మొదలుపెట్టి చూసుకుంటే
ఎందుకో నాకే తెలియదు.
మూడేళ్ళుగా చూస్తున్న గీత.

గురువారం ఆయన గదిలో మొదటి పేజీ నుంచీ విన్నాం.
గొంతు నా పేరును నాలుగు ముక్కలు చేసి చదివి,
ఏడాది చదివి,
తర్వాత ఒక ఊపిరంత సేపు
ఏమీ అనలేదు.
ఆయన వెనక్కి నొక్కాడు.
మళ్ళీ అదే నిశ్శబ్దం, అంతే పొడవు.
"ఇక్కడ ఏదో ఉంది కదా?"

చదివాను.
"ఇంకోసారి" అన్నాడు.
ఈసారి వత్తు మీద కాస్త బరువేసి.

కిటికీ అవతల ఆటు మొదలైంది.
పదిహేడో బొమ్మ ఎక్కడుందో చూసుకోలేదు.
నా బూట్లు తలుపు పక్కనే ఉన్నాయి,
ఇంకా కడగలేదు.